పద్నాలుగో కుర్చీ

పాదువాలో పునీత అంతోనివారి గుడి చూసుకుని తిరిగి వస్తుంటే, ఆదివారం మధ్యాహ్నం భోజనం ఎక్కడన్న మాట వచ్చింది. నేను ఎవరినీ నోరెత్తనివ్వలేదు. "ఇంకెక్కడ? మా పాల్మినా హోటల్లో!" అన్నాను. యాత్ర ఏర్పాట్లన్నీ చేసింది నేను, బస్సు మాట్లాడింది నేను, కాబట్టి ఎక్కడ తినాలో చెప్పే హక్కు కూడా నాదే. మా ఊరు దక్షిణాదిన అల్తమూరా. అక్కడ మాకు రొట్టెల బట్టీ ఉంది. పొద్దున్నే రొట్టె కొనడానికి వచ్చే ప్రతివాళ్ళకీ కొన్నేళ్ళుగా ఒకటే మాట చెబుతున్నాను, ఉత్తరాదిన మంచి పేరున్న హోటల్లో వంటగది మొత్తం మా అమ్మాయి చేతుల్లో ఉందని. వినీ వినీ వాళ్ళకి విసుగొచ్చినా నేను మాత్రం మానలేదు.

అది నేను కల్పించిన మాట కాదు. పాల్మినాయే ఫోనులో చెప్పేది. "పొయ్యి ఇప్పుడు నాదేనమ్మా. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు, కుర్చీలోంచి లేవడమే లేదు" అనేది. పెళ్ళి మా ఊళ్ళోనే అయింది. ఆ తర్వాత వేసవి సెలవులకి వాళ్ళే వచ్చేవారు. బట్టీని ఒక్కరోజు కూడా చల్లారనివ్వలేని బతుకు నాది, అందుకని కూతురు కాపురం ఉండే ఊరికి నేను ఎప్పుడూ వెళ్ళలేదు. ఈసారి మా ఆయన "వెళ్ళిరా, పిండి నేను చూసుకుంటాను" అన్నాడు కాబట్టి వచ్చాను.

బస్సులో మేం పదమూడుమందిమి, డ్రైవరు రొక్కోతో కలిపి పద్నాలుగు. ముందు సీట్లో మా ఫాదర్ ఒరోంజో గారు. నా పక్కన చెలెస్తినా. చిన్నప్పట్నుంచీ నా స్నేహితురాలు, గుండీలూ దారాలూ అమ్మే కొట్టు నడుపుతుంది. ఊళ్ళో ఎవరు ఏ అబద్ధం ఎప్పుడు ఆడారో ఆవిడకి తెలిసినంత పోలీసులకి కూడా తెలియదు. బొలోన్యా దాటి ఇమోలా వైపు తిరిగిన కాసేపటికి ఆ చిన్న ఊరు వచ్చింది. హోటల్ ముందు బస్సు ఆగేసరికి నా గుండె పెళ్ళికూతురి గుండెలా కొట్టుకుంది.

గుమ్మంలోనే నిలబడి ఉంది మా వియ్యపురాలు జెలిందా. తెల్లటి ఏప్రాన్, మోచేతుల దాకా మడిచిన చొక్కా చేతులు, అరచేతుల నిండా పిండి. కుర్చీలోంచి లేవని మనిషి చేతులకి పిండి ఎందుకంటిందా అని నాకు అప్పుడే అనుమానం రావలసింది.

"రండి రండి వదినగారూ! ఎన్నాళ్ళకెన్నాళ్ళకి! అయ్యో, ఎండలో ఎంత కమిలిపోయారు!" అంటూ నా రెండు చెంపలూ ముద్దు పెట్టుకుంది.

"మాది ఎండ కాసే ఊరు కదా వదినగారూ. మీలాగా పొగమంచులో పాలిపోయి ఉండటం మాకు చేతకాదు" అన్నాను నేను, ఆవిడ రెండు చెంపలూ ముద్దు పెట్టుకుంటూ.

అలా మర్యాదలు అయ్యాక లోపలికి వెళ్ళాం. హాలు జనంతో కిటకిటలాడుతోంది. మాంసం సాసు ఘుమఘుమలు ముక్కుకి తగిలి మా ఫాదర్ గారు అప్పుడే కళ్ళు మూసుకున్నారు. సరిగ్గా అప్పుడు వంటగది తలుపు భుజంతో తోసుకుని నా కూతురు బయటికి వచ్చింది. ఎడమచేతి మీద వరసగా ప్లేట్లు, కుడిచేతిలో ఇంకో రెండు. నన్ను చూసేసరికి ఆ పిల్ల ముఖంలో నెత్తురు చుక్క లేదు.

చెలెస్తినా నా చెవి దగ్గరికి వంగింది. "దొనాతా, వంటగది మొత్తం చేతుల్లో ఉందన్నావు. ప్లేట్లు మొత్తం అని చెప్పుంటే సరిపోయేదిగా" అంది.

నాకు తలకొట్టేసినట్టయింది. "చేతులు కడుక్కొస్తాను" అని పాల్మినా వెనకే వంటగదిలోకి వెళ్ళాను. జెలిందా బయట మావాళ్ళకి కుర్చీలు చూపిస్తోంది. లోపల నా కూతురు సింకు దగ్గర నాకు వీపు పెట్టి గిన్నెలు తోముతోంది.

"ఎందుకు చెప్పావే ఆ అబద్ధం?" అన్నాను.

"నువ్వు సంతోషపడతావని" అంది, తిరక్కుండానే. "ఒకసారి చెప్పాను. నువ్వు ఊరంతా టముకు వేశావు. ఇక వెనక్కి తీసుకోవడం ఎట్లా?"

"పోనీలే. అసలు నీకు చేతకాదా? ఇన్నేళ్ళుగా ఇక్కడే ఉన్నావుగా?"

ఆ మాటకి గిర్రున తిరిగింది. కోపం వస్తే దాని ముక్కు అచ్చం నా ముక్కే. "చేతకాకపోవడమేంటమ్మా? ఆ బల్ల మీద పాస్తా పొర వత్తడం ఈ ఊళ్ళో ఎవరికి ఎంత వచ్చో నాకూ అంతే వచ్చు. అత్తయ్య ఆ కర్ర ముట్టుకోనిస్తేగా! 'మీ దక్షిణాది వాళ్ళవి పిండీ నీళ్ళూ కలిపి బొటనవేలితో నొక్కే చేతులు, గుడ్లు కలిపిన పిండి మీ చేతికి లొంగదు' అంటుంది. మోకాళ్ళు నిజంగానే పోయినై. అందుకని బొలోన్యా నుంచి వంటవాణ్ణి మాట్లాడింది. ఎల్లుండి వస్తాడు. వాడు ఒకసారి ఆ బల్ల దగ్గర నిలబడ్డాడంటే నేను చచ్చేదాకా ఈ సింకు దగ్గరే."

గోడకి ఆనించి ఉంది ఆ కర్ర. మన అప్పడాల కర్రే, కాకపోతే మనిషి చెయ్యంత పొడుగు.

"ఆవిడ రుచి చూస్తే?" అన్నాను.

"ఎట్లా చూస్తుంది? ఒక్క పూట, ఒక్క పూట ఆవిడ ఈ బల్ల వదిలి బయట కూర్చుంటే చాలు. కానీ కూర్చోదు. పెళ్ళయి వచ్చినప్పట్నుంచీ బయట కుర్చీలో కూర్చుని తిన్నది లేదట. పొయ్యి దగ్గర నిలబడే తింటుంది." పాల్మినా కళ్ళు తుడుచుకుంది. "మీకోసం ప్రత్యేకంగా ఇప్పటికిప్పుడు తాజాగా వత్తుతానంటోంది. పొద్దున చేసిన పాస్తా అంతా మిగతా బల్లలకి అయిపోయింది. నీ ముందు గొప్ప చూపించుకోవాలని."

నా కడుపు భగ్గున మండింది. బట్టీలో ఎండు కట్టె వేసినా అంత త్వరగా అంటుకోదు. నాకు కోపం వస్తే అరుస్తానని మా ఊళ్ళో అందరికీ తెలుసు. బాగా కోపం వస్తే అరవనని మా ఆయనకి ఒక్కడికే తెలుసు. వెనక తలుపులోంచి బస్సు దగ్గరికి నడిచాను.

రొక్కో బస్సు తలుపు మూస్తున్నాడు. తల దువ్వుకుని, చొక్కా గుండీలు పెట్టుకుని, భోజనానికి పెళ్ళికొడుకులా తయారయ్యాడు.

"రొక్కో, నాయనా, నువ్వు లోపలికి రాకు" అన్నాను.

"అదేంటి పెద్దమ్మా! పొద్దుట్నుంచి ఈ భోజనం కోసమేగా నేను బస్సు తోలింది!"

"నీకు కడుపులో తిప్పుతోంది. బస్సులో పడుకున్నావు. అర్థమైందా?"

"నాకేం తిప్పట్లేదే!"

"తిప్పుతోందంటే తిప్పుతోంది. నీ వాటా కాకుండా నా వాటా కూడా నీకే. ఏడాదిపాటు ఆదివారం రొట్టె మా బట్టీ నుంచి మీ ఇంటికి ఊరికే వస్తుంది. మీ ఆవిడకి చెప్పుకో."

రొక్కో హోటల్ వైపు ఒకసారి, నా ముఖం వైపు ఒకసారి చూశాడు. నా ముఖంలో ఏం కనబడిందో గానీ నోరు మూసుకుని బస్సెక్కాడు.

నేను లోపలికి వెళ్ళేసరికి మావాళ్ళు పొడుగాటి బల్ల చుట్టూ చేరారు. పద్నాలుగు కుర్చీలు. "రొక్కోకి ఒంట్లో బాగాలేదు, తినడట పాపం" అని చెప్పి నేను నా కుర్చీ మీద చెయ్యి వేశాను. అంతే. మిగతాది చెలెస్తినా చూసుకుంటుందని నాకు తెలుసు. ఆవిడ ఏ బల్ల దగ్గర కూర్చునే ముందైనా తలలు లెక్కపెట్టందే కూర్చోదు.

"ఆగండి!" అని ఒక్క కేక పెట్టింది. "ఎవరూ కూర్చోకండి! పదమూడు!"

సగం కూర్చున్నవాళ్ళు కూడా దిగ్గున లేచారు. పదమూడుమంది ఒక బల్ల దగ్గర తిన్నాక ముందుగా లేచినవాళ్ళు ఏడాది తిరక్కుండా పోతారు. ఇది మా ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. ఫాదర్ గారు గొంతు సవరించుకున్నారు.

"ఇవన్నీ మూఢనమ్మకాలమ్మా. ఇలాంటివి నమ్మడం పాపం" అన్నారు.

"అయితే మీరు కూర్చోండి ఫాదర్" అంది చెలెస్తినా.

"కూర్చుంటాను. అందరూ కూర్చున్నాక" అన్నారాయన, కుర్చీ వీపు రెండు చేతులతో గట్టిగా పట్టుకుని.

గోల విని నా అల్లుడు లొరిస్ వైన్ సీసాతో పరిగెత్తుకొచ్చాడు. మంచివాడే, కాకపోతే వాళ్ళమ్మ ముందు నోట్లో నాలుక ఉండదు. "రెండు బల్లలుగా విడదీద్దామా అత్తయ్యగారూ?" అన్నాడు.

"బల్ల విడదీస్తే చావు దారి తప్పిపోతుందా? కలిసి వచ్చినవాళ్ళం, ఎక్కడ కూర్చున్నా పదమూడే!" అని చెలెస్తినా కస్సుమంది. ఆవిడ మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు.

జెలిందా వంటగదిలోంచి వచ్చింది. సంగతి విని నవ్వలేదు. వాళ్ళ ఊళ్ళో కూడా ఇది నవ్వే విషయం కాదు. మూల బల్ల దగ్గర ఒంటరిగా తింటున్న ముసలాయన వైపు తిరిగింది. "జుర్లీని గారూ, మీరు కాస్త వచ్చి కూర్చుంటారా?"

మందుల షాపు జుర్లీని గారట, ప్రతి ఆదివారం అక్కడే తింటాడట. "నా కుర్చీ నేను వదలను జెలిందా. అడగొద్దు కూడా" అన్నాడు, ప్లేట్లోంచి తలెత్తకుండా.

"సరే, అయితే ఇందులో ఆలోచించేదేముంది!" అంటూ జెలిందా చేతులు చరిచింది. "పాల్మినా! ఏప్రాన్ విప్పి రా. మీ అమ్మ పక్కన కూర్చో. ఇన్నాళ్ళకి వచ్చింది మీ అమ్మ!"

మావాళ్ళంతా "ఆహా, ఎంత బాగుంది" అన్నారు. నేను తీసిన గోతిలో నా కూతురే పడేట్టుంది. వంటగది తలుపు దగ్గర పాల్మినా నిలబడి నన్ను చూస్తోంది. చేతులు ఏప్రాన్ ముడి మీద ఉన్నాయి గానీ విప్పడం లేదు.

"అదెట్లా కుదురుతుంది వదినగారూ?" అన్నాను. "పద్నాలుగోమనిషి కాఫీ తాగేదాకా లేవకూడదు. లేస్తే మళ్ళీ మేం పదమూడే. పాల్మినా కూర్చుంటే ప్లేట్లు తెచ్చేదెవరు?"

"నేను తెస్తా."

"మీరా?" నేను గుండె మీద చెయ్యి వేసుకున్నాను. ఎంత బాగా వేసుకున్నానంటే నాకే నిజమనిపించింది. "ఇంత పేరున్న హోటల్ యజమానురాలు, కోడలు కుర్చీలో కూర్చుంటే, ఆ కోడలికీ వియ్యపురాలికీ ప్లేట్లు మొయ్యడమా? ఈ హాల్లో ఇంతమంది చూస్తుండగా? వద్దు వదినగారూ. ఆ మాట మా ఊరిదాకా వస్తే నేను తలెత్తుకోలేను. పోనీ మాకు భోజనమే వద్దు. దారిలో బంకు దగ్గర ఏదో ఒక బన్ను తింటాంలెండి."

బంకు దగ్గర బన్ను! జెలిందా చెంపలు ఎర్రబడ్డాయి. పక్క బల్లలవాళ్ళు తినడం ఆపి చూస్తున్నారు.

"వియ్యపురాళ్ళు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తినడం మర్యాద" అన్నాను మెల్లగా. "మా ఊళ్ళో అయితే అంతే మరి. ఇక్కడ పద్ధతులు నాకు తెలియవనుకోండి."

"ఇక్కడ పద్ధతులు మీవాటి కంటే మంచివే వదినగారూ" అంది ఆవిడ. అలా అనేసి చుట్టూ చూసింది. ఇక తప్పించుకునే దారి లేదు. ఏప్రాన్ విప్పి లొరిస్ చేతిలో పెట్టింది. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. పదమూడుమందిమీ ఒక్కసారిగా ఊపిరి వదిలి కూర్చున్నాం.

"మరి పాస్తా?" అన్నాడు లొరిస్, ఏప్రాన్ పట్టుకుని. "అమ్మా, పొర ఇంకా వత్తలేదుగా."

జెలిందా వంటగది వైపు తిరిగింది. అప్పుడే తట్టినట్టుంది ఆవిడకి. నేను ఆవిడకి ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వలేదు. "పాల్మినా ఉందిగా" అన్నాను. తలుపు దగ్గర పాల్మినా ఒక్క క్షణం కూడా నిలబడలేదు. తలుపు ఊగుతూ ఉండిపోయింది.

ముందు హాము అనే పంది మాంసం సన్నటి ముక్కలు, పూరీల్లా పొంగిన వేయించిన రొట్టెలు, నురగ కక్కే ఎర్ర వైను వచ్చాయి. మావాళ్ళు వాటి మీద పడ్డారు. నేను ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను గానీ అది హామో అట్టముక్కో నాకు తెలియలేదు. పక్కన జెలిందా అసలు ప్లేటు వంక చూడడం లేదు. మెడ వంగి ఉంది, చెవి వంటగది వైపు ఉంది.

లోపల గుడ్లు కొట్టిన చప్పుడు వినిపించింది.

"బల్ల అంచుకేసి కొడుతోంది" అంది జెలిందా. "పెంకు పడుతుంది."

"పడదు" అన్నాను.

తర్వాత పిండి పిసికే చప్పుడు. దబ్, దబ్, దబ్. చాలాసేపు. "మీ రొట్టెల పిండి అనుకుంటోంది. అంత బలంగా గుద్దితే గట్టిపడుతుంది" అంటూ జెలిందా కుర్చీలోంచి లేవబోయింది.

"లేవకండి!" అని బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒకేసారి అరిచారు. అందరికంటే గట్టిగా అరిచింది ఫాదర్ గారు. జెలిందా మళ్ళీ కూలబడింది.

పిండి నానడానికి మూత పెట్టినట్టుంది, కాసేపు ఏమీ వినపడలేదు. ఆ కాసేపట్లో జెలిందా మా ప్రాంతం వంటలన్నిటినీ ఏకిపారేసింది. గుడ్డు లేని పాస్తా పాస్తా కాదంది. ఆకుకూరలేసి పాస్తా తినేది మేకలంది. నేనేం తక్కువ తినలేదు. పాలిపోయిన మీ తెల్ల రొట్టె చూసి మా ఊరి కుక్కలు ముఖం తిప్పుకుంటాయన్నాను. ఇద్దరం నవ్వుతూనే అనుకున్నాం. వియ్యపురాళ్ళం కదా, నవ్వుతూ అనుకోవాలి.

అప్పుడు కర్ర చప్పుడు మొదలైంది. ముందు మెల్లగా, బరువుగా. తర్వాత పొడుగ్గా జారుతున్నట్టు, మధ్యమధ్యలో పొర బల్ల మీద పడి చప్పట్లు కొట్టినట్టు. జెలిందా వైను గ్లాసు పెదవుల దాకా తీసుకెళ్ళి అక్కడే ఆపేసింది.

వైను పోస్తున్న లొరిస్ చెయ్యి పట్టుకుంది. "ఒరేయ్. ఆ చప్పుడు ఎక్కడ నేర్చుకుంది అది?"

లొరిస్ సీసా కిందికి దించాడు. "సోమవారాలు... నువ్వు పిన్ని వాళ్ళింటికి వెళ్తావుగా అమ్మా. హోటల్ మూసుంటుంది. అప్పుడు చేస్తుంది. నా ఒక్కడికీ."

"బాగుంటుందా?"

లొరిస్ చెవులు టమోటాల్లా ఎర్రబడ్డాయి.

"ఇన్నేళ్ళుగా మింగావు, ఒక్కసారి నోరు విప్పి చెప్పలేకపోయావేంరా!" అన్నాం, నేనూ జెలిందా, ఇద్దరం ఒకేసారి. ఆ ఒక్క విషయంలో మా ఇద్దరికీ ఒక్కటే మాట. లొరిస్ సీసాతో సహా పక్క బల్లకి పారిపోయాడు.

చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది.

నేను చూస్తూ ఉన్నాను. ఇప్పుడు పొర కోసే కత్తి చప్పుడు వస్తుంది, ఇప్పుడు వస్తుంది అనుకున్నాను. రాలేదు. ప్లేట్లలో హాము అయిపోయింది. రొట్టెలు అయిపోయాయి. చెలెస్తినా ఖాళీ ప్లేటుని ఫోర్కుతో గీకుతూ, "మీ అమ్మాయి పొరలో తానే చుట్టుకుని నిద్రపోయిందా ఏంటి?" అంది. పొర చిరిగిపోయిందనుకున్నాను నేను. నా కళ్ళ ముందు నా కూతురు ఆ బల్ల మీద తల పెట్టుకుని ఏడుస్తున్నట్టు కనిపించింది. నా మూలంగానే. దానికి మిగిలిన ఒక్క అవకాశాన్నీ ఇంతమంది ముందు నేనే నాశనం చేశాననుకున్నాను. రెండు చేతులూ బల్ల మీద ఆనించి లేవబోయాను.

జెలిందా నా మణికట్టు పట్టుకుంది. ఏళ్ళ తరబడి పిండి పిసికిన చెయ్యి అది. కదల్లేకపోయాను.

"కూర్చోండి" అంది. "మీరు లేస్తే నేనూ లేస్తా."

"చిరిగిపోయింది వదినగారూ. పాపం, ఒక్కతే ఉంది లోపల."

"చిరగలేదు. ఆరబెట్టింది." ఆవిడ నా వంక చూడడం లేదు, తలుపు వంకే చూస్తోంది. "పొర కాస్త ఆరాలి. ఆరకుండా కోస్తే ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఎక్కువ ఆరితే విరిగిపోతాయి. ఎంతసేపని చెప్పడానికి లేదు, చేత్తో ముట్టుకుని తెలుసుకోవాలి. బయట ఇంతమంది ఆకలితో కూర్చుని ఉంటే చేతకానివాళ్ళు ఈపాటికి కోసేస్తారు." కాస్త ఆగి, తనలో తను అనుకున్నట్టు అంది, "నా పెళ్ళైన కొత్తలో నేనే కోసేశాను."

అప్పుడు వచ్చింది కత్తి చప్పుడు. టకటకటకటక, ఎక్కడా తడబడకుండా, ఎక్కడా ఆగకుండా. జెలిందా నా మణికట్టు వదల్లేదు. పట్టుకునే ఉన్నానని ఆవిడకి గుర్తున్నట్టు లేదు.

లొరిస్ ప్లేట్లు మోసుకొచ్చాడు. పసుపుపచ్చటి రిబ్బన్లలాంటి పాస్తా, మధ్యలో పొద్దుట్నుంచి చిన్న మంట మీద ఉడికిన ఖైమా సాసు, పైన చీజు పొడి. ఎవరూ ఫోర్కు ఎత్తలేదు. బల్ల బల్లంతా జెలిందానే చూస్తోంది. ఆవిడ ఒక రిబ్బను పైకెత్తి కిటికీ వెలుతురుకి ఎదురుగా పట్టుకుంది. దానిలోంచి అవతల చర్చి గంటగోపురం నీడ నాకు కూడా కనిపించింది. ఆవిడ దాన్ని నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఇంకోసారి ఫోర్కు చుట్టింది. ఇంకోసారి.

నేను కూడా తిన్నాను. అమ్మని కాబట్టి అంటున్నాననుకుంటారేమో, అనుకోండి. పాస్తా నాలుక మీద పట్టులా జారింది, పంటికింద పడితే మాత్రం నేనున్నానంది. సాసు దాన్ని వదలకుండా పట్టుకుంది. నేను రొట్టెలు చేసే మనిషిని, పిండి గురించి నాకు ఎవరూ చెప్పక్కరలేదు. నా కూతురు పిండిని మాట వినేట్టు చేసింది. ఫాదర్ గారు రెండో ముద్ద దగ్గర మళ్ళీ కళ్ళు మూసుకున్నారు, ఈసారి ఎక్కువసేపు. చెలెస్తినా నోరు నిండా పెట్టుకుని నా వైపు తిరిగి ఏదో అనబోయి, అనలేక, నా భుజం మీద ఒక్కటి చరిచింది. ఆ దెబ్బ విలువ మా ఊళ్ళోవాళ్ళకి తెలుసు.

జెలిందా ప్లేటులో చివరి రిబ్బను తినేసింది. రొట్టెముక్క తుంచి, హాల్లో అందరూ చూస్తుండగా, ప్లేటుకి అంటిన సాసు శుభ్రంగా తుడుచుకుని తింది. హోటల్ యజమానురాలు అలా చెయ్యడం లొరిస్ ఎప్పుడూ చూడలేదేమో, నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే వీధి తలుపు తోసుకుని రొక్కో వచ్చాడు. ఆకలికి ముఖం పీక్కుపోయి ఉంది. "నా వల్ల కాదు పెద్దమ్మా" అన్నాడు. "ఆ వాసన బస్సు కిటికీలోంచి వస్తోంది. రొట్టెలూ వద్దు, ఏమీ వద్దు. నా ప్లేటు నాకివ్వు."

జెలిందా రొక్కోని తలనుంచి కాళ్ళదాకా చూసింది. కడుపులో తిప్పే మనిషి అలా ఉండడని ఆవిడకి తెలుసు. తర్వాత నా వైపు తిరిగింది. చాలాసేపు చూసింది. నేను కూడా తల దించలేదు. ఏమంటుందో అననీ, నా కూతురు చేసిన పాస్తా అప్పటికే ఆవిడ కడుపులో ఉంది, దాన్ని వెనక్కి తీసుకోలేదు కదా.

జెలిందా లేచి నిలబడింది. రొక్కో భుజం పట్టుకుని తన కుర్చీలో కూర్చోబెట్టింది. "కూర్చో బాబూ. ఇంతసేపూ నీ కుర్చీకి కాపలా ఉన్నాను" అంది. లొరిస్ భుజం మీద ఉన్న ఏప్రాన్ లాక్కుని నడుముకి కట్టుకుంది. ఇప్పుడు లోపలికి వెళ్తుంది, కర్ర మళ్ళీ ఆవిడ చేతిలోకి వెళ్ళిపోతుంది, ఇంత చేసిందీ ఒక్క పూట ముచ్చట అయిపోతుంది అనుకున్నాను.

"జెలిందా!" అన్నాడు మూల బల్ల దగ్గరి జుర్లీని గారు. అందరూ అటు తిరిగారు. "ఆ బల్ల మీద పాస్తా ఎవరిది? నేను ఇందాక తిన్నది కాదది. ఇక్కడికి దాని వాసనే వేరేగా ఉంది."

"నాకు కూడా కావాలి అది" అన్నారు కిటికీ దగ్గర ఇంకెవరో.

జెలిందా హాలు మధ్యలో ఆగింది. నాదే అనొచ్చు. పొద్దున పిండి నేనే కలిపానని అనొచ్చు. కాదనేవాళ్ళు ఎవరూ లేరు, ఇంతకాలం ఈ హాల్లో ఏ రుచైనా ఆవిడదే.

"నేను ఇక్కడ కూర్చుని ఉంటే చూళ్ళేదా జుర్లీని గారూ?" అంది, హాలు చివరిదాకా వినపడేట్టు. "నా కోడలు చేసింది. పాల్మినా. పేరు గుర్తుపెట్టుకోండి, ఇకనించి అడగాల్సింది దాన్నే." అని కొడుకు వైపు తిరిగింది. "లొరిస్! బొలోన్యా వాడికి ఫోన్ చెయ్యి. రానక్కరలేదని చెప్పు. రేపు కాదురా, ఇప్పుడే!"

లొరిస్ వైను సీసా ఎక్కడ పెట్టాలో తెలియక ఫాదర్ గారి చేతిలో పెట్టి ఫోను దగ్గరికి పరిగెత్తాడు. జెలిందా కుంటుతూ వంటగది తలుపు దాకా వెళ్ళి, తలుపు తీసి, లోపల అడుగు పెట్టబోయింది.

"అత్తయ్యా, అడ్డం లేవండి!" అని లోపల్నుంచి నా కూతురి గొంతు వినిపించింది. ఖంగుమని, బట్టీ దగ్గర నా గొంతులా. "కిటికీ బల్లకి, జుర్లీని గారికి రెడీ అయినై. చల్లారిపోతాయి, పట్టండి!"

జెలిందా తలుపు దగ్గర నిలబడింది. తర్వాత రెండు చేతులూ చాచింది. రెండు ప్లేట్లు పట్టుకుని వెనక్కి తిరిగింది. ఎప్పుడూ మొయ్యని మనిషి కదా, అంచులు రెండు చేతులతో జాగ్రత్తగా పట్టుకుని, ఆ పోయిన మోకాళ్ళతో బల్లల మధ్యలోంచి నడుస్తూ వచ్చింది. ముఖం మాత్రం ఊరేగింపులో ముందు నడిచే మనిషిలా వెలిగిపోతోంది. "నా కోడలి చేతిది, వేడిమీద తినండి" అంటూ జుర్లీని గారి ముందు పెట్టింది.

నాకు ఏడుపు ఆగలేదు. ఇంత గెలుపు నేను నా బతుకులో చూడలేదు. ఏడుస్తూనే నా ఖాళీ ప్లేటు పైకెత్తి అరిచాను. "వదినగారూ! ఇక్కడ ఇంకో ప్లేటు!"

ఆవిడ ఆగి, జారిన జుట్టు మోచేత్తో వెనక్కి తోసుకుని, నా వంక చూసింది.

"ఉండండి వదినగారూ" అంది. "పాల్మినాని అడిగి చెప్తా."